‘ఒక్క మనిషి ఊరు’ కథలు వేసే తెలుగు సంపాదకులకు బహిరంగ లేఖ

సంపాదకులకు, వెబ్ డెస్కుల్లోని మిత్రులకు నమస్కారం.

ఒకే ఒక్క పెద్దావిడ ఉన్న ఊరుగా పేరుపడ్డ మోనోవై (అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, బోయిడ్ కౌంటీ) మీకు కొత్త ఊరు కాదు. కొందరు మోనోవి అనీ రాస్తున్నారు. వార్తలు పలచబడ్డ ఆదివారం పూట ‘ఆ ఊరికి ఆమే సర్పంచ్, ఆమే ఓటరు’ అంటూ పాత ఫొటో ఒకటి తీసి మళ్లీ వేసేస్తుంటారు. వేయొద్దని అనడం లేదు. ఊరు నిజం, ఆ పెద్దావిడ నిజం. కానీ ఆ ఊరి చుట్టూ తిరుగుతున్న అంకెలు, కారణాలు, అనువాదాలు చాలావరకు ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నవే. జనాభా లెక్కలతో, పాత రికార్డులతో పనిచేసేవాళ్లం కనుక ఎక్కడ కాలు జారుతోందో చెబుదామని ఈ లేఖ. ఆవిడ పేరు ఇందులో రాయడం లేదు. ఊరి లెక్కకు ఆ పేరుతో పని లేదు.

ముందు అంకెలు. అమెరికా జనగణనలో మోనోవై జనాభా 1910లో 109. 1920లో 100, 1930లో 123, 1940లో 99, 1950లో 67, 1960లో 40, 1970లో 16, 1980లో 18, 1990లో 6, 2000లో 2, 2010లో 1, 2020లో 2.

ఈ వరుసను నిదానంగా చదివితే సగం కథలు వాటంతట అవే రాలిపోతాయి. ‘ఒకప్పుడు 150 మందితో కళకళలాడిన ఊరు’ అన్న వాక్యం దాదాపు ప్రతి కథనంలోనూ ఉంటుంది. కానీ 150 అన్న అంకె ఏ జనగణనలోనూ లేదు. 1930కీ 1940కీ నడుమ ఏదో ఒక ఏడాది అంతమంది ఉండి ఉండొచ్చు. లేదా చుట్టుపక్కల పొలాల్లో ఇళ్లు కట్టుకున్న రైతులనూ కలిపి ఊరివాళ్లు చెప్పుకునే లెక్క అయి ఉండొచ్చు. మన పల్లెల్లో ఇళ్లన్నీ ఒకచోట, పొలాలు చుట్టూ ఉంటాయి. అక్కడ అలా కాదు. రైతు తన పొలం నడుమే ఇల్లు కట్టుకుంటాడు. ఊరంటే దుకాణాలు, చర్చి, బడి, స్టేషను, వాటిని నడిపే కుటుంబాలు. చర్చికి వచ్చేవాళ్లు, బడిలో పిల్లలు, శనివారం సరుకులకు వచ్చేవాళ్లు అందరూ ‘మోనోవై వాళ్లే’, కానీ జనగణన కాగితంలో చాలామంది ఊరి గీత బయట. ఆ గీత లోపల ఉన్నది చదరపు మైలులో అయిదో వంతు నేల. కాబట్టి 150 రాయాలనుకుంటే ‘ఊరివాళ్ల మాట ప్రకారం’ అని రాయండి. జనగణన పేరు చెప్పి రాయాలంటే 123 రాయండి.

తేదీ కూడా చూసుకోవాలి. 1910 లెక్క ఏప్రిల్ 15 నాటిది. 1920ది జనవరి 1 నాటిది, అంటే గడ్డకట్టే చలికాలం, కోతలకు వచ్చే కూలీలెవరూ ఉండని కాలం. 1930 నుంచి ఏప్రిల్ 1 స్థిరపడింది. కాబట్టి 109 నుంచి 100కు, అక్కణ్నుంచి 123కు వచ్చిన తేడా చూసి ‘పడి లేచిన ఊరు’ అని పేరా అల్లకండి.

ఇక 2020. ‘పదేళ్లలో జనాభా రెట్టింపైన ఊరు’ అని సరదాగా రాసినవాళ్లున్నారు, నిజంగానే నమ్మి రాసినవాళ్లూ ఉన్నారు. ఆ రెండో మనిషి ఎవరూ కాదు. ఆ ఊళ్లో తానొక్కదాన్నే ఉన్నానని ఆవిడే విలేఖరులకు చెప్పింది. మరి ప్రభుత్వ పట్టికలో 2 ఎలా పడింది?

అమెరికా చట్టాల్లో 13వ టైటిల్ ప్రకారం ఎవరి వివరాలనూ వాళ్లను గుర్తుపట్టేలా జనగణన శాఖ బయటపెట్టకూడదు. వ్యక్తిగత పత్రాలు 72 ఏళ్ల తర్వాతే తెరుస్తారు. 2010 వరకు శాఖ వాడిన పద్ధతి మార్పిడి: దాదాపు ఒకేలాంటి రెండు కుటుంబాల వివరాలను వేర్వేరు చోట్ల అటూ ఇటూ మార్చేవాళ్లు. ఎక్కడ ఎంతమంది అన్న మొత్తాన్ని మాత్రం ముట్టుకునేవాళ్లు కాదు. అందుకే 2010లోని ‘1’ లెక్కించిన అంకె. కానీ ప్రచురించిన పట్టికలన్నీ కలిపి కంప్యూటర్‌కు ఇస్తే మనుషుల వివరాలను తిరిగి పేర్చవచ్చని శాఖవాళ్లే తమ పరీక్షల్లో తేల్చుకున్నారు. దాంతో 2020కి పద్ధతి మార్చి, అంకెల్లోనే కొంచెం కల్తీ కలిపారు. కల్తీ అన్నది మా మాట. వాళ్లు నాయిస్ అంటారు.

అది ఇలా జరుగుతుంది. దేశం, రాష్ట్రం, కౌంటీ, ట్రాక్ట్, బ్లాక్ గ్రూప్, బ్లాక్ అంటూ పై నుంచి కిందికి మెట్లు ఉంటాయి. చివరి మూడూ లెక్క కోసం కౌంటీని కోసుకునే చిన్న చిన్న ముక్కలు. రాష్ట్రం మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతారు. నెబ్రాస్కా 19,61,504 అంటే అది అసలు లెక్కే. ప్రతి బ్లాకులో ఎన్ని ఇళ్లున్నాయన్న అంకెనూ మార్చరు. మిగతా అన్ని మెట్ల మీదా యాదృచ్ఛికంగా ఒక చిన్న అంకె కలుపుతారు, లేదా తీసేస్తారు. ఆ తర్వాత పై మొత్తానికి కింది ముక్కలు సరిపోయేలా సర్దుతారు. ఈ సర్దుబాటులో రెండు షరతులున్నాయి: అర మనిషి ఉండకూడదు, సున్నా కంటే తక్కువ రాకూడదు. చిన్న ఊళ్లకు చిక్కంతా ఈ రెండో షరతు దగ్గరే. అసలు లెక్క 1 అయినప్పుడు మూడు కలిస్తే 4 అని వేయొచ్చు. మూడు తీస్తే మైనస్ 2 అని వేయలేరు, సున్నా దగ్గర ఆగాలి. కిందికి దారి మూసి పైకి దారి తెరిచి ఉంచితే, మరీ చిన్న ఊళ్ల అంకెలు సగటున కాస్త ఉబ్బుతాయి. ఆ ఉబ్బును పెద్ద చోట్లు మోయాలి. అక్కడ నాలుగైదు తగ్గినా ఎవరికీ కనిపించదు.

ఇదే పద్ధతి వల్ల 2020 పట్టికల్లో పెద్దవాళ్లు లేకుండా పిల్లలు మాత్రమే ఉన్న బ్లాకులు, కాపురం ఉన్న ఇళ్లుండి మనుషులు లేని బ్లాకులు కూడా కనిపిస్తాయి. అవి అచ్చుతప్పులు కావు. వేల మంది ఉన్న చోట ఈ తేడా లెక్కలోకి రాదు. మోనోవైలో మాత్రం అదే వార్తయి కూర్చుంది. కాబట్టి 2010 అంకెనూ 2020 అంకెనూ పక్కపక్కన పెట్టి శాతం తీయకండి. అసలు మూలసంఖ్య వందలోపు ఉంటే శాతమే వద్దు. 1970లో 16, 1980లో 18 అంటే ఇద్దరు పెరిగారు. దాన్ని 12.5 శాతం వృద్ధి అంటే వినడానికి బాగానే ఉంటుంది. ఒక కాపురం వచ్చి చేరినా అంతే, ఒక ఇంట్లో కవలలు పుట్టినా అంతే.

ఒక్క మనిషి ఊళ్లన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మరో అలవాటు. వ్యోమింగ్‌లోని బ్యుఫర్డ్‌ను 2012లో వియత్నాం వ్యాపారి ఒకరు వేలంలో 9,00,000 డాలర్లకు కొన్నాడు. ‘ఊరినే కొనేశాడు’ అన్న ఆ కథను మోనోవైకి అతికించినవాళ్లున్నారు. బ్యుఫర్డ్ చట్టం గుర్తించిన పాలకసంస్థ కాదు. పెట్రోలు బంకు, దుకాణం ఉన్న ప్రైవేటు స్థలం, కనుక అమ్ముడుపోయింది. మోనోవైని అలా ఎవరూ అమ్మలేరు. వ్యోమింగ్‌లోనే లాస్ట్ స్ప్రింగ్స్ అని ఇంకో ఊరుంది. 2000 జనగణన అక్కడ ఒక్కరే ఉన్నారంది, ఊరివాళ్లు కాదు నలుగురం అన్నారు. 2010లో జనగణన కూడా 4 అనే రాసింది. మరీ చిన్న ఊళ్లలో లెక్కించేవాళ్ల పొరపాటు కూడా ఇంత పెద్దగా కనబడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఊరెందుకు ఖాళీ అయింది? ‘యువత నగరాలకు వలసపోయింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. తప్పు కాదు. కానీ జ్వరంతో పోయాడు అన్నట్టు ఉంటుంది, ఏ జ్వరమో చెప్పరు.

మోనోవై రైలు కన్న ఊరు. ఫ్రీమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరీ వ్యాలీ అనే రైల్వే 1900 దాటాక ఈ దారిన పట్టాలు వేసింది, తర్వాత అది చికాగో అండ్ నార్త్ వెస్టర్న్‌లో కలిసింది. ఆ రోజుల్లో మైదానం మీద స్టేషన్లను ఏడు నుంచి పది మైళ్ల ఎడంతో పెట్టేవాళ్లు. కారణం గుర్రం. రెండు గుర్రాల బండి మీద యాభై బుషెళ్ల మొక్కజొన్న వేశాడనుకోండి. బుషెల్ 56 పౌండ్లు కనుక బండికి పన్నెండు పదమూడు క్వింటాళ్లు. ఆ బరువుతో రైతు పొద్దున బయల్దేరి, స్టేషను దగ్గర దించి, సరుకులు కొనుక్కుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకు అయిదు మైళ్లు మించకూడదు. అంటే పట్టాల వెంట పది మైళ్లకో ఊరు కావాలి. అక్కడ ఊరు పుట్టింది నీటి కోసమో గుడి కోసమో కాదు, గుర్రం ఓపిక మేరకు.

రెండోది పొలం సైజు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి 160 ఎకరాలు, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా. సర్వే ప్రకారం ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. అందులో 23,040 ఎకరాలు. 160 చొప్పున పంచితే 144 కుటుంబాలు పడతాయి. ఇంటికి అయిదుగురు చొప్పున 720 మంది. అంత గిరాకీ ఉంటే కిరాణా కొట్టు, కమ్మరి, బ్యాంకు, బడి, పోస్టాఫీసు నిలబడతాయి. ట్రాక్టరు వచ్చాక ఒక కుటుంబమే అయిదారు కుటుంబాల నేల దున్నగలదు. నెబ్రాస్కాలో 1935లో 1,33,000 పైచిలుకు కమతాలుండేవి, 2017కి 46,332 మిగిలాయి. సగటు కమతం 971 ఎకరాలు. అదే టౌన్‌షిప్‌ను 971తో భాగించి చూడండి, 24 కుటుంబాలు కూడా రావు. నేల అంతే ఉంది, పంట ఎక్కువే పండుతోంది, కొట్టుకు వచ్చే మనుషులే లేరు. ఇది రాష్ట్ర సగటుతో వేసిన మోటు లెక్క. బోయిడ్‌లో పశువుల మేత భూములు ఎక్కువ కనుక అక్కడ కుటుంబాల మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాత ఒకటి పోతే దాన్ని పట్టుకుని ఇంకోటి పోయింది. కారు, తారు రోడ్డు వచ్చాక పది మైళ్లు పావుగంట ప్రయాణం. పెద్ద ఊళ్లో సరుకు చవక. 1967లో పోస్టాఫీసు మూతపడింది. అప్పటికి ఊళ్లో జనం 1960 నాటి నలభై మంది కూడా లేరు. 1974లో బడి మూతపడింది. బడి పోయిన ఊరికి పిల్లలున్న కాపురం కొత్తగా రాదు. 1980లోని 18 మందిలో ఆ తర్వాత మిగిలింది వయసు మళ్లినవాళ్లే. చుట్టూ ఉన్న కౌంటీదీ అదే దారి: 1910లో ఎనిమిది వేలు దాటిన బోయిడ్ జనాభా 2000లో 2,438, 2010లో 2,099, 2020లో 1,810. పక్కనున్న గ్రాస్ అనే ఊళ్లో 2010లో ఇద్దరున్నారు. మోనోవై ఒంటరి వింత కాదు, పెద్ద వరుసలో చివరన నిలబడ్డ ఊరు. ‘నెబ్రాస్కా ఖాళీ అవుతోంది’ అని మాత్రం రాయకండి. 1930లో 13,77,963 ఉన్న రాష్ట్ర జనాభా 1940లో కాస్త తగ్గినా ఆ తర్వాత పెరుగుతూనే వచ్చింది, ఒమాహా, లింకన్ నగరాల వైపు.

మొదలు కూడా సరిచేయాలి. ‘1902 వరకు ఎవరూ లేని నేల’ అన్న వాక్యం మరీ అన్యాయం. బోయిడ్ కౌంటీలోంచి పారే వాగు పేరే పోంకా క్రీక్. నయోబ్రారా నది పక్కన ఈ ప్రాంతం పోంకాలనే ఆదివాసీ తెగ సొంత నేల. 1877లో ప్రభుత్వం వాళ్లను బలవంతంగా దక్షిణాన ఇండియన్ టెరిటరీకి తరలించింది. అక్కడ చనిపోయిన కొడుకు ఎముకలను పుట్టినచోటే పూడ్చాలని స్టాండింగ్ బేర్ అనే నాయకుడు 1879 చలికాలంలో కొద్దిమందితో తిరిగి బయల్దేరితే సైన్యం పట్టుకుంది. ఒమాహాలో కేసు నడిచింది. చట్టం దృష్టిలో ఇండియన్ (అమెరికా ఆదివాసీ) కూడా ‘మనిషే’ అని జడ్జి ఎల్మర్ డండీ ఆ ఏడాది మే 12న తీర్పు ఇచ్చాడు. ఎవరిని మనిషిగా లెక్కించాలన్న వాదన ఈ పరిసరాల్లో జనగణన కంటే ముందే కోర్టుకెక్కింది. 1910లోని 109 సున్నా నుంచి మొదలైన అంకె కాదు.

పాలన సంగతి. ఆవిడకు ఊళ్లో ట్యావెర్న్ ఉంది, అంటే మద్యంతో పాటు తిండీ దొరికే చిన్న హోటలు. ‘మేయర్‌గా తనకు తానే లైసెన్సు ఇచ్చుకుంటుంది’ అన్న వాక్యం నవ్వు తెప్పిస్తుంది కానీ పద్ధతి అది కాదు. మద్యం లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర కమిషన్. స్థానిక పాలకవర్గం అభిప్రాయం పంపుతుంది. దరఖాస్తు రాష్ట్రానికి వెళ్లి, సంతకం కోసం గ్రామ కార్యదర్శి దగ్గరికి వస్తుంది. ఆ కార్యదర్శీ, దరఖాస్తుదారూ ఒకరే కావడమే ఇక్కడి విశేషం. నెబ్రాస్కా చట్టంలో విలేజ్ అంటే 100 నుంచి 800 మంది వరకు ఉండే పాలకసంస్థ, అయిదుగురు ట్రస్టీల బోర్డు నడపాలి. వందకు తగ్గగానే ఆ హోదా దానంతటదే ఊడిపోదు. రోడ్ల ప్రణాళిక ఏటా పంపుతుండాలి, పన్ను వసూలు చేయాలి. ఊరికి నాలుగు వీధిదీపాలున్నాయి. వాటి ఖర్చు అలా గడుస్తుంది.

దీపాల మాట వచ్చింది కనుక అనువాదం గురించి. ఇంగ్లిష్ మాటను ముక్కకు ముక్క మార్చి ‘దెయ్యాల ఊరు’ అని వేస్తున్నారు. అక్కడ దెయ్యాలేమీ లేవు. మన భాషలో పాడుబడ్డ ఊరు అని నిక్షేపంలాంటి మాట ఉంది. ఊరు లేచిపోయిన చోటును పాటిదిబ్బ అంటాం, అక్కడి మన్ను పొలాలకు తోలుకుంటాం. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామం ఉంది: చిరాగ్ లేనిది, దీపం పెట్టే దిక్కు లేనిది, పేరూ సర్వే నంబర్లూ మాత్రం మిగిలినది. మోనోవై ఈ రెండూ కాదు. బేచిరాగ్ గ్రామానికి నేల ఉంటుంది, మనుషులుండరు, పంచాయతీ ఉండదు. మోనోవైలో 2020 లెక్క నాటికి ఒక మనిషి ఉంది, పంచాయతీ ఉంది, దీపాలు వెలుగుతున్నాయి. ట్యావెర్న్‌ను ‘బార్’ అంటే మన పాఠకుడికి ఏసీ గది, చీకటి లైట్లు గుర్తుకొస్తాయి. అక్కడ బీరుతో పాటు కాఫీ, బర్గర్ దొరుకుతాయి, చుట్టుపక్కల రైతులు వచ్చి కూర్చుని కబుర్లాడతారు. కాకా హోటలూ రచ్చబండా కలిసినట్టు అనండి, దగ్గరగా ఉంటుంది. ఆవిడ భర్త 2004లో పోయాక ఆయన పుస్తకాలతో ఓ చిన్న షెడ్డులో పెట్టిన లైబ్రరీ కూడా ఉంది, సుమారు 5,000 పుస్తకాలు. దాన్ని ‘గ్రంథాలయ భవనం’ చేసేయకండి. ప్రెయిరీని ఎడారి అనడం కూడా ఆపాలి. అది గడ్డి నేల, పశువులు మేసే నేల, మొక్కజొన్నా సోయా పండే నేల.

సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు. జనగణన శాఖ డేటా సైటులో మోనోవై, నెబ్రాస్కా అని వెతకండి. పేరు చివర ‘విలేజ్’ అని ఉంటే పాలకసంస్థ. ‘సీడీపీ’ అని ఉంటే లెక్క కోసం గీసిన గీత మాత్రమే. పదేళ్ల జనగణన పట్టిక పీ1 తీసుకోండి. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంకెలు మాత్రం ఇలాంటి ఊళ్లకు వాడొద్దు. అది కొన్ని ఇళ్లను మాత్రమే అడిగి వేసే అంచనా. పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఇచ్చే తేడా ఒక్కోసారి అసలు అంకె కంటే పెద్దదిగా ఉంటుంది. పాత సంవత్సరాలకు రాష్ట్రాలవారీ ముద్రిత సంపుటాల స్కాన్లు అదే శాఖ ఉచితంగా ఇస్తోంది. మనుషుల పేర్లు, వృత్తులు, పుట్టిన దేశాలు కావాలంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో 1950 వరకు పత్రాలు తెరిచి ఉన్నాయి. 1950వి 2022 ఏప్రిల్ 1న తెరిచారు, 1960వి 2032లో తెరుస్తారు. ఆ పత్రాల్లో ఊరి పేరు పైన ఒక గడిలో ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే అందులోని కుటుంబాలు ఊరి గీత బయటివి, లెక్కలో కలపకూడదు. 150 కథ ఎక్కడ పుట్టిందో తేల్చాలన్నా మొదట చూడాల్సింది ఆ గడినే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, మన జనగణన 2011 దగ్గర ఆగి, ఇప్పుడు 2027 మార్చి 1 నాటి లెక్కకు సిద్ధమవుతోంది. పల్లెలవారీ అంకెలు వచ్చిన రోజున ఇవే డెస్కులు ‘జనాభా సగమైన ఊళ్లు’ అంటూ జాబితాలు వేస్తాయి. 2011 తర్వాత జిల్లాలు, మండలాలు, పంచాయతీలు మన రెండు రాష్ట్రాల్లోనూ చీలాయి. ఊరి గీత మారిందో, మనుషులే తగ్గారో చూడకుండా శాతం తీస్తే ఇదే తంతు మన ఊళ్ల పేరుతో జరుగుతుంది.

ఇప్పటికే వేసిన మోనోవై కథనాలను తీసేయనక్కర్లేదు. అడుగున ఈ సవరణ చేర్చండి, మాటలు మార్చుకున్నా అభ్యంతరం లేదు:

‘సవరణ: మోనోవై జనాభా 1930 జనగణనలో 123, 2010లో 1. 2020 పట్టికలో కనిపించే 2 వ్యక్తిగత గోప్యత కోసం అంకెలు మార్చే పద్ధతి వల్ల వచ్చింది. రెండో మనిషి ఉన్నట్టు కాదు. ఈ ఊరిని ఎవరూ కొనలేదు.’

ఇట్లు
జనాభా లెక్కలతో, పాత రికార్డులతో పనిచేసే కొందరు తెలుగువాళ్లు